బూడిద లెక్క వేరు, నీటి లెక్క వేరు

కృష్ణపట్నం రేవు పరిసరములలోని తాప విద్యుత్కేంద్రముల ప్రసక్తి వచ్చినప్పుడెల్ల, అది గ్రామసభ యైనను, ప్రజాభిప్రాయ సేకరణ యైనను, పత్రికలలోని లేఖల శీర్షిక యైనను, చిట్టచివరకు వచ్చి నిలుచు ప్రశ్న యొక్కటే: ఈ బూడిదనంతయు నేమి చేయుదురు? ముత్తుకూరు మండలము నేలటూరులోని శ్రీ దామోదరం సంజీవయ్య విద్యుత్కేంద్రము 800 మెగావాట్ల యూనిట్లు రెంటితో 2015లో వాణిజ్యోత్పత్తి నారంభించి, 2022 అక్టోబరులో మూడవ యూనిట్టును చేర్చుకొని 2400 మెగావాట్లకు పెరిగినది. దాని పొరుగున, మొన్నటివరకు సెంబ్‌కార్ప్ పేర నడచి ఇప్పుడు సెయిల్ ఎనర్జీ యనబడు సంస్థవారి కేంద్రములు రెండును కలిసి 2640 మెగావాట్లు. ఇంకను దక్షిణమున తమ్మినపట్నము వద్ద మరి రెండు కేంద్రములు గలవు. ఇన్ని పొగగొట్టములు ఇంత కొద్ది మేర తీరరేఖపై నిలిచియుండగా, ఆ ప్రశ్న ఏటేట మరల మరల పుట్టుటలో వింత లేదు. ఇటీవల దానికి ప్రయోగశాలల వైపునుండి యొక సమాధానము వినవచ్చుచున్నది: బూడిదతో సచ్ఛిద్ర మృణ్మయములు, అనగా సన్నని రంధ్రములతో నిండిన కాల్చిన పలకలు, బిళ్లలు, గుళికలు చేసి, వానితో నీటిని వడగట్టవచ్చును, వేడిని ఆపవచ్చును, తేలికయైన కట్టడములు కట్టవచ్చును అని. ఈ సమాధానము నిజమే. అయితే అది వేరొక ప్రశ్నకు సమాధానము. రెండు ప్రశ్నలను కలిపి యొక్కటిగా జేయుటవలన రెండును చెడుచున్నవని నా యభిప్రాయము.

ముందుగా వస్తువును గూర్చి చెప్పుకొనవలెను. ఇంజనీర్లు పోరస్ సెరామిక్ అని పిలుచు ఈ పదార్థము మన ఇండ్లకు కొత్తది కాదు. వేసవిలో చెమర్చుచు నీటిని చల్లబరచు కుండ అట్టిదే. వంటింటి ఫిల్టరులోని తెల్లని క్యాండిలు అట్టిదే. మట్టిని కాల్చినప్పుడు కణములు అంచులవద్ద మెత్తబడి యొకదానితో నొకటి అతుకుకొనును. నడుమనున్న సందులను పూర్తిగా పూడనీయక, కావలసిన కొలతలో నిలుపుకొనుటయే ఈ విద్య యంతయు. దానికి మార్గములు పెక్కు గలవు. ముద్దలో ఊకయో, రంపపుపొట్టో, పిండియో కలిపి కాల్చినచో అది మండిపోయి తానున్న చోటును రంధ్రముగా విడిచిపోవును. సున్నపురాతి పొడివంటి వాయువు విడుచు ద్రవ్యమును కలిపినచో, మెత్తబడిన ముద్ద రొట్టెవలె పొంగును. స్పాంజిని మట్టిపాలలో ముంచి కాల్చినచో స్పాంజి పోయి దాని యాకృతి మిగులును. రంధ్రములు రెండు జాతులవి. ఒకదానినుండి మరియొకదానికి దారి యున్నవి నీటికి పనికివచ్చును. దారిలేక మూసికొనియున్నవి వేడిని నిలువరించుటకు, బరువు తగ్గించుటకు పనికివచ్చును. మరియొక చిక్కు గలదు: రంధ్రభాగము పెరిగినకొలది బలము మెల్లగా గాక అతివేగముగా పడిపోవునని 1953లో రిష్‌కెవిచ్ అల్యూమినా, జిర్కోనియాలపై చేసిన పరీక్షలలో తేలినది. కనుక 'ఎంత రంధ్రమయమైన నంత మంచిది' అనుట ఈ శాస్త్రమున చెల్లదు. చేతిలో పట్టుకొనగనే పొడియగు ఫిల్టరు ఎవరికి గావలెను?

ముడిసరుకు విషయమున నెల్లూరు సీమ అదృష్టము గలది. భారతదేశపు బొగ్గు బూడిదలో సిలికా, అల్యూమినా రెండును కలిసి సాధారణముగా నూటికి 80 పాళ్ల ప్రాంతము నుండును. మంచి మట్టిలో కుమ్మరి కోరునవియు నవియే. కొలిమి వేడికి ఇందు ముల్లైటు స్ఫటికములు ముందే ఏర్పడియుండుటచే, మరల 1000 నుండి 1200 డిగ్రీల మధ్య కాల్చినప్పుడు కట్టుబాటు కుదురుట కది సాయపడును. బూడిద చెరువు నీటిపై తెట్టెగా తేలు సెనోస్ఫియరులను, అనగా లోపల డొల్లగా నుండు గాజుబుడ్డల వంటి సూక్ష్మగోళములను చూచినవారికి, సచ్ఛిద్ర మృణ్మయమును మనకంటె ముందు బాయిలరే చేసిపెట్టినదని తెలియును. బూడిద మొత్తములో అవి అత్యల్పభాగమే యైనను, టన్నులలో అమ్ముడుపోవు బూడిద నడుమ కిలోల లెక్కన వెల పలుకు సరుకు అదే. ఇక రంధ్రములు చేయుటకు ఊక. మొలగొలుకుల వరికి పేరుపడిన ఈ సీమలో ఊకకు కొరత యెన్నడు లేదు: టన్ను ధాన్యమునకు సుమారు 200 కిలోల ఊక, దానిని కాల్చిన సుమారు 40 కిలోల బూడిద, ఆ బూడిదలో నూటికి 85 పాళ్లకు పైగా సిలికా. మన ఇటుకబట్టీలవారు మట్టిలో ఊకయు బూడిదయు కలుపుట, ఊకతోనే కాల్చుట తరతరములుగా చేయుచున్న పనియే. దీనికి గూడూరు, సైదాపురము ప్రాంతపు అభ్రకపు గనుల పక్కనుండు ఫెల్‌స్పారును తోడుచేసినచో కాల్చు వేడి తగ్గును. పొటాషు, సోడాలు గల ఆ రాయి మట్టిని త్వరగా మెత్తబరచు ద్రావకము. అభ్రకము కొరకు తవ్విపోసి, దాని వెల పడిపోయిన పిమ్మట విడిచిపెట్టిన దిబ్బలు కూడ వ్యర్థములే గదా. వానిని గూర్చి అడుగువారు తక్కువ, బూడిద కళ్లలో పడునట్లు అవి పడవు.

ఇంతవరకు చెప్పినది విని, ఇంకేమి, బూడిద సమస్య తీరినట్లే యని తలచువారు ఒక చిన్న గణితము చేయవలెను. దేశవాళి బొగ్గుతో 1000 మెగావాట్ల కేంద్రము ఏడాది పొడవున నడచుటకు మోటుగా 50 లక్షల టన్నుల బొగ్గు పట్టును. బూడిద పాలు మూడింట నొకటి కంటె కొంచెము తక్కువ యనుకొన్నను 15 లక్షల టన్నులు, అనగా దినమునకు 4 వేల టన్నుల పైచిలుకు. కృష్ణపట్నమున దిగుమతి బొగ్గు కూడ కాలుచుండుటచేత ఇక్కడి లెక్క కొంత తగ్గవచ్చును. ఆ తగ్గుదలతో మన వాదమునకు పని లేదు. ఇప్పుడు ఒక్కొక్క వడపోత కుండకు 2 కిలోల బూడిద పట్టునని యూహించి, కోటి ఇండ్లకు కోటి కుండలు చేసినామనుకొందము. పట్టిన బూడిద 20 వేల టన్నులు. వేయి మెగావాట్ల కేంద్రము అయిదు దినములలో విడుచునది అంతే! కోటి కుండలు అయిదు దినముల బూడిద. మిగిలిన మూడువందల అరువది దినముల మాటేమి? ఫిల్టర్లతో బూడిదకొండలు కరగునని చెప్పుట సముద్రపు నీటిని చెంబుతో తోడుదుమనుట వంటిది. బూడిదను గుళికలుగా చుట్టి కాల్చి చేయు తేలికకంకర మాత్రమే ఈ కుటుంబములో లక్షల టన్నుల నాశించగలది, దానికి ఐ.ఎస్. 9142 రెండవ భాగముగా భారతీయ ప్రమాణము కూడ 2018లో వెలువడినది. కాని కంకర చవుకసరుకు. దూరము పెరిగినకొలది లారీ బాడుగ దాని వెలను మింగివేయును.

బూడిదను విడిగా పోయుటకును, గట్టి వస్తువులో బంధించుటకును గల వివక్షను శాసనము గుర్తించకపోవుటయే చిక్కంతకు మూలము. 1996-97లో దేశమున పుట్టిన బూడిద సుమారు 6.9 కోట్ల టన్నులు, వినియోగమైనది పదవ వంతుకంటె తక్కువ; 1999 సెప్టెంబరు 14న కేంద్ర ప్రభుత్వము తొలి బూడిద ప్రకటన వెలువరించుటకు కారణ మిదియే. పలుమారులు సవరింపబడిన ఆ ప్రకటన స్థానమున 2021 డిసెంబరు 31న వచ్చిన కొత్త ప్రకటన, పుట్టిన బూడిదనంతయు నిర్ణీత సంవత్సరములలో నూటికి నూరుపాళ్లు వినియోగింపవలెననియు, మిగిలిన ప్రతి టన్నుకు 1000 రూపాయలు పర్యావరణ పరిహారము చెల్లింపవలెననియు శాసించినది. ఇన్నేండ్ల ప్రకటనల ఫలితము అంకెలలో కనబడుచున్నది: 2021-22లో 27 కోట్ల టన్నుల ప్రాంతమున పుట్టగా, నూటికి 96 పాళ్లు వినియోగమైనట్లు కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ లెక్క చెప్పినది. ఒకప్పుడు ఉచితముగా నిచ్చినను కొనిపోవువారు లేని బూడిదకై, 2024లో కడప జిల్లా తాప విద్యుత్కేంద్రము వద్ద రవాణా ఎవరిదన్న తగాదా పత్రికల కెక్కినది. సిమెంటు కర్మాగారములు దగ్గర నున్నచోట బూడిద సరుకైనది. లేనిచోట భారముగనే నిలిచినది. అయితే ఆ 96 పాళ్లలో ఏమేమి యున్నవో చూడుడు: సిమెంటు, ఇటుకలు, రోడ్డు కట్టలు, పల్లపు భూముల పూడిక, పాతగనుల పూడిక. ప్రకటన దృష్టిలో పల్లములో పోసిన టన్నును, కొలిమిలో కాల్చి గాజువలె బిగించిన టన్నును సమానమే. రెంటికిని వేయి రూపాయలే తప్పును. అట్టి యెడల విద్యుత్కేంద్రపు అధికారి తన తర్కము ప్రకారము దగ్గరి పల్లమును వెదకుననుటలో అతని తప్పేమియు లేదు.

అమెరికాలో ఈ వివక్ష శాసనమున కెక్కుటకు ఒక ప్రమాదము కావలసివచ్చినది. 2008 డిసెంబరు 22న టెనెసీ రాష్ట్రములో కింగ్‌స్టన్ బూడిద చెరువు గట్టు తెగి, ఊళ్లమీదను ఏటిలోను బురద పారిన పిమ్మట, 2015లో ఆ దేశపు పర్యావరణ సంస్థ చేసిన నియమములలో, కాంక్రీటు వంటి గట్టి వస్తువులో బంధింపబడిన బూడిదకును, విడిగా నేలపై పోయబడు బూడిదకును భేదము చూపి, రెండవదానికి అధిక మోతాదులలో కఠినమైన పరీక్షలు పెట్టిరి. మనదేశమునను 2020 ఏప్రిలులో మధ్యప్రదేశములోని సింగ్రౌలి వద్ద సాసన్ విద్యుత్కేంద్రపు బూడిద చెరువు గట్టు తెగి ప్రాణములు పోయినవి. మన ప్రకటనలో గట్ల భద్రత ప్రస్తావన యున్నది గాని, బంధించిన బూడిదకు విడిబూడిదకు మధ్య వెలలో భేదము లేదు. ఐరోపా వేరొక పాఠమును చూపును. బ్రిటనులో 1960ల నుండి లైటాగ్ పేర బూడిద గుళికల తేలికకంకర వాడుకలో నున్నది. భూమి కొరత గల నెదర్లాండ్సు బూడిదను పాతిపెట్టుట కవకాశమీయక దాదాపు నంతయు నిర్మాణములోనికి పంపినది. చక్కగా నడచినది. కాని 2024 సెప్టెంబరు 30న బ్రిటనులో కడపటి బొగ్గు కేంద్రము మూతపడినది; నెదర్లాండ్సులో 2030 నుండి బొగ్గుతో విద్యుత్తు తీయరాదని చట్టమున్నది. బూడిదపై ఆధారపడిన పరిశ్రమ బొగ్గుతో పుట్టి బొగ్గుతోనే ముగియవలసినదా, లేక పాత బూడిద చెరువులను తవ్వుకొని బ్రతుకవలసినదా యను ప్రశ్న వారికి వచ్చినది. మన కాప్రశ్న ఇంకను రాలేదు. అయినను బూడిదపై పెట్టుబడి పెట్టువాడు ముప్పది యేండ్ల చూపు చూడక తప్పదు.

త్రాగునీటి ఫిల్టర్ల విషయమున లోకానుభవము వేరుగా నున్నది, అది పెద్ద కర్మాగారముల కథ కాదు. 1981లో గ్వాటెమాలాలో ఫెర్నాండో మసారియేగోస్ అను రసాయనజ్ఞుడు మట్టిలో రంపపుపొట్టు కలిపి కాల్చి, వెండి పూత పూసిన వడపోత కుండను రూపొందించెను. తరువాత నికరాగువా కుమ్మరులు దానిని చేపట్టిరి. కంబోడియాలో రంపపుపొట్టుకు బదులు వరి ఊక వాడిరి. గంటకు రెండు మూడు లీటర్లు కారుటకంటె అది వేగము కాదు, అంతటితో ఒక సంసారమునకు సరిపోవును. మన దేశమున భువనేశ్వరములోని శాస్త్ర పరిశోధనశాలవారి టెరాఫిల్ బిళ్ల యెర్రమట్టి, ఏటి యిసుక, రంపపుపొట్టులతో చేసినదే. 2009 డిసెంబరులో అంగడికి వచ్చిన టాటా స్వచ్ఛ్‌లో ఊకబూడిదకు వెండి కలిపిరి. ఈ యుదాహరణములలో ఒక్కదానియందును బొగ్గు బూడిద లేదని పాఠకులు గమనించినారో లేదో! అది యాదృచ్ఛికము కాదు. బొగ్గు బూడిదలో ఆర్సెనిక్కు, సెలీనియము, క్రోమియము కొద్దిమాత్రములుగా నుండును. కాల్చినప్పుడు చాలభాగము గాజులో చిక్కుకొనును. కాని సున్నము, క్షారము గల ముద్దను ధారాళమైన గాలిలో కాల్చినచో క్రోమియములో కొంతభాగము ఆరువేలన్సీల రూపము దాల్చి, నీటిలో సులభముగా కరుగునదిగా, విషతరముగా మారును. త్రాగునీటిలో బొగ్గు బూడిద బిళ్ల పెట్టదలచినవాడు ఒక నమూనాతో, ఒకనాటి పరీక్షతో తృప్తిపడరాదు. తూర్పుతీరపు పల్లెకు ఉప్పునీటి బాధ యున్నది, నిజమే. కాని సచ్ఛిద్ర మృణ్మయము మడ్డిని, క్రిములను ఆపును గాని కరిగిన ఉప్పును ఆపదు. నీటి మడ్డి తేరుటకు ఇండుపగింజ అరగదీసిన మన పెద్దలకును ఈ భేదము తెలియును.

మరి ఈ తీరమున ఈ వస్తువు ఎవరికి పనికివచ్చును? రొయ్యల చెరువుకు. 1980ల చివర టైగరు రొయ్యతో నెల్లూరు తీరము ఎంత యెత్తున లేచినదో, 1994-95లో తెల్లమచ్చ తెగులుతో నంత లోతున పడినది. 1996 డిసెంబరు 11న రొయ్యల సాగుపై సుప్రీంకోర్టు తీర్పు, 2005లో తీరప్రాంత జలపుష్ప సంవర్ధన ప్రాధికార సంస్థ చట్టము, 2009 నుండి వనామీ రొయ్య, ఇవన్నియు ఒకే గొలుసులోని కడియములు. ఈ గొలుసంతయు నీటి కథ. రొయ్యకు వేసిన మేతలోని నత్రజనిలో పావువంతు ప్రాంతమే దాని కండలో చేరును. శేషము అమ్మోనియాగా నీటిలోనే యుండి, క్షారత పెరిగిన మధ్యాహ్నవేళ విషమగును. ఆ నీటిని ఉప్పుటేటిలోనికి విడిచిన రైతు పొరుగువాడు అదే నీటిని పంపుతో తోడుకొనును. తెగులు ఒక చెరువునుండి వేరొక చెరువునకు నడచు బాట అదియే. అయిదు హెక్టార్లు మించిన క్షేత్రములకు వ్యర్థజల శుద్ధి వ్యవస్థ యుండవలెనని ప్రాధికార సంస్థ నియమము. మన రైతులలో పెక్కుమంది ఆ హద్దుకు లోపలివారు, కనుక నియమమునకు వెలుపలివారు.

అమ్మోనియాను మాన్పునది యంత్రము కాదు, సూక్ష్మజీవి. నైట్రోసోమోనాసు జాతివి దానిని నైట్రైటుగను, నైట్రోబాక్టరు జాతివి ఆ నైట్రైటును నైట్రేటుగను మార్చును. ఇవి మెల్లగా పెరుగునవి, నీటిలో తేలియాడుటకంటె ఒక యాధారమును పట్టుకొని జీవించుట కిష్టపడునవి. డబ్బాలకొలది ప్రోబయోటిక్ పోసి, నీరు మార్చినప్పుడు దానిని నీటితోపాటు విడిచివేయుటకంటె, అవి నిలిచి పెరుగుటకు ఇండ్లు కట్టియిచ్చుట మేలు. గోలీ ప్రమాణపు సచ్ఛిద్ర గుళిక అట్టి ఇల్లు: పైకి చిన్నదిగా గానవచ్చినను లోపలి గోడల వైశాల్యము విశేషము, ఇట్టి పనికే వాడు ప్లాస్టిక్ చక్రములవలె సముద్రమున చేరి ప్లాస్టిక్ వ్యర్థముగా మిగిలిపోవునది కాదు. పైగా ఇచ్చట రంధ్రము సూక్ష్మక్రిమిని ఆపునంత సన్నముగా నుండ నక్కరలేదు, క్రిమి లోపలికి పోయి కాపురముండగల వెడల్పు చాలును. కనుక త్రాగునీటి బిళ్లకు కావలసిన నిష్ఠ దీనికి గానక్కరలేదు. హేచరీలలో నీటిని మరల మరల తిప్పి వాడుకొను చోట ఈ ప్రయోజనము ఇంకను స్పష్టము. చెరువులో దీనిని నెగ్గించుట కష్టతరము, మడ్డి పేరుకొని రంధ్రములు మూసికొనును.

ఆక్షేపణలు లేకపోలేదు. పర్యావరణవాదులలో కొందరు, బూడిదకు ప్రతియొక కొత్త ఉపయోగమును బొగ్గుకు మరియొక క్షమాపత్రమే యందురు. కొన్ని విషయములలో అది సత్యము. కోటి కుండల లెక్క చూచినవారికి మాత్రము ఈ వస్తువు అంతటి పాపము చేయలేదని తెలియును. రెండవ ఆక్షేపణ బలమైనది: కాల్చుటకు మరల ఇంధనము గావలెను, బొగ్గు కాల్చగా వచ్చిన వ్యర్థమును శుద్ధిచేయుటకు మరల బొగ్గు కాల్చుట యెట్టి వివేకము? ఊకతో కాల్చుట, ఫెల్‌స్పారుతో వేడి తగ్గించుట, బూడిదలో కాలక మిగిలిన బొగ్గుపొడినే లోపలి ఇంధనముగ వాడుట, ఇవి దీనికి పాక్షిక సమాధానములే. ఊకను మరీ అధికమైన వేడిలో కాల్చినచో దాని సిలికా స్ఫటికమై, పనివాని ఊపిరితిత్తులకు ముప్పు తెచ్చును. ఆ జాగ్రత్త బట్టీ యజమానికి ఎవరు చెప్పుదురు? మూడవది వెల. 2025 ఆగస్టులో అమెరికా విధించిన హెచ్చు సుంకముతో రొయ్యల కౌంటు ధరలు తల్లడిల్లినప్పుడు, మేతకే అప్పు చేయు రైతును గుళికలు కొనుమనుట ఎట్లు? ఎగుమతి సరుకులో ఒక్క విషధాతువు జాడ కనబడిన సరుకంతయు వెనుకకు వచ్చునన్న భయము దీనికి తోడు.

కనుక ప్రభుత్వము చేయదగినది పరిమితమైనది, నిశ్చితమైనది. బూడిద ప్రకటనలో బంధించిన వినియోగమునకును విడి వినియోగమునకును వేరువేరు విలువ కట్టవలెను. అది కేంద్రపు పని. విద్యుత్కేంద్రములు తమ గిడ్డంగులలోని బూడిద రసాయన విశ్లేషణను నెలనెల ప్రకటింపవలెను; దేశవాళి బొగ్గు వచ్చిన నెలకును దిగుమతి బొగ్గు వచ్చిన నెలకును బూడిద మారును, మారు మట్టితో ఏ కుమ్మరియు ఒకే కుండ చేయలేడు. సిమెంటుకు బూడిద కొనువారికి ఐ.ఎస్. 3812 కొలబద్ద కలదు. మృణ్మయములకు కావలసిన కొలత వేరు. హైదరాబాదు బాలాపురములోని ఎ.ఆర్.సి.ఐ. పరిశోధన సంస్థ, కలకత్తాలోని కేంద్ర గాజు, మృణ్మయ పరిశోధనాలయము, ఈ రెంటికిని సచ్ఛిద్ర మృణ్మయములలో అనుభవమున్నది. అవి నెల్లూరు ఉప్పునీటిని ఎరుగవలెను. ఎరిగినవారు దగ్గరనే యున్నారు: నేలటూరు విద్యుత్కేంద్రమున్న ముత్తుకూరు మండలములోనే మత్స్యశాస్త్ర కళాశాల యున్నది. బూడిద పుట్టు చోటికిని, రొయ్యనీటి విద్య బోధించు చోటికిని మధ్య ఒక మండలపు దారి.

అచ్చట రెండు పంటల కాలము పట్టు పరీక్ష యొకటి చాలును. ఒకే నీరు, ఒకే సీడు, ఒకే మేత గల తొట్లలో కొన్నిట గుళికలు, కొన్నిట ప్లాస్టిక్ చక్రములు, కొన్నిట ఏమియు లేక, అమ్మోనియాను దినదినము కొలిచి, గుళికలు నానిన నీటిలోను, పట్టిన రొయ్యలోను ఆర్సెనిక్కును, క్రోమియమును కొలిచి, కడపట కిలో రొయ్యకు పడిన ఖర్చును పక్కపక్కన వ్రాసి రైతుల ముందు పెట్టవలెను. ఖర్చు ప్లాస్టిక్కు కంటె ఎక్కువైన, లేక విషధాతువు జాడ కనబడిన, గుళికలను మానివేసి బూడిదను సిమెంటు లారీలకే విడిచిపెట్టవచ్చును.